ఉడుపు ఎవరిది?

సారపాక రేవున నిలిచి చూచిన గోదావరికి ఆవలి యొడ్డున భద్రాచలము. 1948 వరకు ఈ యొడ్డు నిజాము ఏలుబడి. ఆ యొడ్డు మద్రాసు రాష్ట్రము. పడవ దిగినంతనే సర్కారు మారెడిది, సర్కారుతోడనే సిపాయి టోపీయు మారెడిది.

నిజాము నేలపై ఆనాడు ఖాకీ తొడిగిన వారందరు సైనికులు కారు. కాసిం రజ్వీ నడపిన రజాకార్లు అటు సేనవారును కారు, ఇటు పోలీసులును కారు. అయినను ఆ దుస్తులను చూచి పల్లెలు తలుపులు మూసికొనెడివి. ఎవరికిని జవాబుదారి కాని ఉడుపు వట్టి వేషము. (వేషమన్నచో మన వీథిభాగవతులు నొచ్చుకొందురేమో!)

1948 సెప్టెంబరు 18న నిజాము సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ సైనికోడుపుతోనే వచ్చి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయెను. ఓడినను ఆ దుస్తులు ఆయనవే; ఓటమి బాధ్యతయు వానితోపాటే మోసెను.

చట్టము చూచునదియు ఈ భేదమునే. సైనికుడు కానివాడు సైనికుడని నమ్మించు తలంపుతో ఆ దుస్తులు ధరించుట 1860 నాటి శిక్షాస్మృతి 140వ విభాగము ప్రకారము నేరము: మూడు నెలల వరకు ఖైదు, లేదా 500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండును. 2024 జూలై నుండి ఇదియే భారతీయ న్యాయసంహిత 168వ విభాగము. జరిమానా 2000కు పెరిగినది. రంగస్థలముపై నటునకు ఆ తలంపు లేదు గనుక దోషము లేదు. 2016 జనవరిలో పఠాన్‌కోట వైమానిక స్థావరముపై దాడి చేసినవారు మాత్రము సైనికదుస్తులలోనే వచ్చిరి. అటువంటి దుస్తులను పౌరులు ధరింపవలదనియు, అంగళ్ళవారు అమ్మవలదనియు సైన్యము ఆ నెలలోనే కోరెను.