మెదక్‌కు ప్రత్యర్థి ఎవరు?

ఫుట్‌బాల్‌లో మోహన్ బగాన్ పేరెత్తితే ఈస్ట్ బెంగాల్ గుర్తుకొస్తుంది. ఆక్స్‌ఫర్డ్ అనగానే కేంబ్రిడ్జి నాలుక మీద ఆడుతుంది. ఆ రెండు విశ్వవిద్యాలయాలు క్రికెట్‌లో 1827లో, పడవ పందెంలో 1829లో తొలిసారి తలపడ్డాయి. అమెరికాలో హార్వర్డ్, యేల్ జట్ల ఫుట్‌బాల్ పోరు 1875లో మొదలైంది. ఆ రెండూ మరో ఆరు విద్యాసంస్థలతో కలిసి 1954లో ఐవీ లీగ్‌గా ఒప్పందం రాసుకునేనాటికి వాటి పోరుకు దాదాపు ఎనభై ఏళ్లు. మరి మెదక్ డిగ్రీ కాలేజీ జట్టుకు ప్రత్యర్థి ఎవరు? సిద్దిపేటా, సంగారెడ్డా, హైదరాబాద్‌లోని నిజాం కాలేజీనా? ఈ ప్రశ్నకు ఠక్కున జవాబు దొరకదు. ఆడేవాళ్లు లేక కాదు, ఊరికి పౌరుషం లేకా కాదు. ఈ కాలేజీలున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలో ఎవరితో ఆడాలో అఫిలియేషన్ ఉత్తర్వులు తేల్చాయి, ఎన్నిసార్లు ఆడాలో నాకౌట్ డ్రా తేల్చింది. ఓడినవాళ్లకు వచ్చే ఏడాది ఇదే జట్టు మళ్లీ ఎదురవుతుందన్న భరోసా ఉంటేనే ఆటలో వైరం పుడుతుంది. మన పద్ధతి ఆ భరోసా ఇవ్వలేదు. మెదక్‌కు ప్రత్యర్థి లేకపోవడానికి కారణం అదే.

మొదట అఫిలియేషన్ సంగతి చూద్దాం. నిజాం కాలేజీ 1887లో వెలిసింది, బోధన ఇంగ్లీషులో, అనుబంధం మద్రాసు విశ్వవిద్యాలయంతో. ఉస్మానియా 1918లో ఏర్పడింది, బోధన ఉర్దూలో. ఒకే నగరం, ఒకే పాలకుడు. అయినా 1947లో నిజాం కాలేజీ ఉస్మానియాలో కలిసేదాకా ఆ రెండు చోట్ల చదివిన కుర్రాళ్లు వేర్వేరు విశ్వవిద్యాలయాల వాళ్లు. కలిసిన రోజు నుంచి వాళ్లు ఒకే యూనివర్సిటీ జట్టులో చోటుకోసం పోటీపడే సహచరులు. వరంగల్ కథ దీనికి తలకిందులు. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడటానికి ముందు వరంగల్, కరీంనగర్, ఖమ్మం కుర్రాళ్లు మెదక్ వాళ్లతో కలిసి ఉస్మానియా జెర్సీ వేసుకోవచ్చు. ఆ తర్వాత విశ్వవిద్యాలయాల దక్షిణ మండల పోటీల్లో ఎదురెదురుగా నిలబడాల్సిందే. 2006లో తెలంగాణ విశ్వవిద్యాలయం వచ్చి నిజామాబాద్‌ను, 2008లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చి మహబూబ్‌నగర్‌ను ఇలాగే విడదీశాయి. ఉమ్మడి మెదక్ మాత్రం ఉస్మానియాలోనే మిగిలింది. నిజామాబాద్‌తో పాటు పోయిన పక్కనున్న కామారెడ్డి పరాయిదయింది, వంద కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్ కాలేజీలు సొంతవిగా మిగిలాయి. మైదానంలో ఎవరూ ఎవరితోనూ తగువు పెట్టుకోలేదు. చెలిమీ పోటీ రెండూ ఒక నోటిఫికేషన్‌తో తారుమారయ్యాయి.

జాతీయ స్థాయిలోనూ ఇదే వరస. 1925లో ఇంటర్ యూనివర్సిటీ బోర్డు ఏర్పడింది. అదే 1973 నుంచి భారత విశ్వవిద్యాలయాల సంఘం. పోయిన కొడుకు పేరిట ఒక తండ్రి బహూకరించిన రోహింటన్ బారియా ట్రోఫీ కోసం 1935-36లో విశ్వవిద్యాలయాల క్రికెట్ మొదలైంది. మొదటి ఏడాది పంజాబ్ గెలిచింది, ఆ తర్వాతి దశాబ్దాల్లో బొంబాయిదే పైచేయి. కాలక్రమంలో విశ్వవిద్యాలయాలు పెరిగి మండలాల పద్ధతి స్థిరపడింది. ముందు నాకౌట్, చివరికి మిగిలిన నాలుగు జట్ల మధ్య లీగ్: చాలా క్రీడల్లో ఇదే లెక్క. అంటే మన విశ్వవిద్యాలయ క్రీడల్లో లీగ్ ఉన్నా అది శిఖరం మీదున్న నలుగురికే. కింద ఉన్నవాళ్లకు ఒకే ఒక్క మ్యాచ్. ఇంకా పైకి వెళ్తే వైరం పూర్తిగా కరిగిపోతుంది. విజయనగరం రాజకుటుంబీకుడు, 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టు కెప్టెన్ విజ్జీ 1965లో చనిపోయాక ఆయన పేరిట పెట్టిన ట్రోఫీలో మండలాల ఉమ్మడి జట్లు ఆడతాయి. నిన్న ఎదురెదురుగా ఆడిన ఆంధ్ర, ఉస్మానియా, మద్రాసు విశ్వవిద్యాలయాల కుర్రాళ్లు ఆ టోర్నీలో ఒకే దక్షిణ మండల జట్టు.

ఈ నాకౌట్ పద్ధతి కింది స్థాయిలో ఎలా పనిచేస్తుందో కబడ్డీలో చూడవచ్చు. మగవాళ్ల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, కోర్టులో ఏడుగురు, ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో అయిదు నిమిషాల విరామం. మెదక్ జట్టు పొద్దున్నే బస్సెక్కి నర్సాపూర్ మీదుగా హైదరాబాద్ చేరాలి. డ్రాలో బై వస్తే అదృష్టం, ఎదుటి జట్టు రాకపోతే వాకోవర్. మొదటి రౌండ్‌లోనే గట్టి జట్టు తగిలితే నలభై నిమిషాల ఆటతో ఆ ఏడాది సరి. మరుసటి ఏడాది అదే జట్టు మళ్లీ తగులుతుందా అన్నది చీటీ చెప్పాలి. ఈలోగా మూడేళ్ల డిగ్రీ అయిపోతుంది, జట్టు మారిపోతుంది. దీనికి తోడు ఉద్యోగాల లెక్క ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడా కోటాకు కావలసిన ఫారం-3 ధ్రువపత్రం అంతర విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినవాళ్లకే దక్కుతుంది, కాలేజీల మధ్య గెలిచినవాళ్లకు కాదు. కాబట్టి పేద ఇంటి ఆటగాడికి సిద్దిపేటను ఓడించడం కన్నా సెలక్టర్ల కంట్లో పడటం ముఖ్యం. జట్టు ఓడినా తాను ఇంటర్ యూనివర్సిటీ ఆడితే చాలు, అతని పని అయినట్టే. అతణ్ని తప్పుపట్టలేం. కానీ జట్టు గెలుపు కన్నా తన ఎంపికకే విలువెక్కువైన చోట ఎదుటి జట్టు ప్రత్యర్థి కాదు, తన సత్తా చూపించుకోవడానికి దొరికిన సందర్భం మాత్రమే.

వైరాన్ని పుట్టించేది పద్ధతి కాదు, ప్రతిభా, జనాభిమానమే అని ఎవరైనా అనవచ్చు. హైదరాబాద్ ఫుట్‌బాల్ చరిత్ర దీనికి సమాధానం చెబుతుంది. సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియాలో చదివి విశ్వవిద్యాలయ జట్టుకు ఆడాడు, బడిపంతులుగా పనిచేశాడు, 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఇంతకు మించిన ప్రతిభ ఏముంటుంది? అయినా దేశం ఆ ఆటను చూసింది పోలీసు జట్టు రూపంలో, బొంబాయి, కలకత్తా క్లబ్బుల ఎదుట. ఆ క్లబ్బులు ఏటా అవే కప్పుల దగ్గర ఎదురయ్యేవి గనక జనానికి ఆ పోరు గుర్తుండిపోయింది. ప్రతిభ ఇక్కడే మొలకెత్తినా, వైరం మాత్రం ఏటేటా మళ్లీ తలపడే వీలున్న చోటే వేళ్లూనింది.

రెండో ఆక్షేపణ బరువైనది. వందల కాలేజీలున్న విశ్వవిద్యాలయంలో అందరితో అందరినీ ఆడించడం అసాధ్యం. సెమిస్టర్ పరీక్షల మధ్య దొరికేది కొద్ది వారాలే. ఆటలు నేర్పే ఫిజికల్ డైరెక్టర్ల కొరత ఉండనే ఉంది. నిజమే. అందుకే నాకౌట్‌ను తప్పుబట్టలేం, హైదరాబాద్ స్థాయిలో దానికి మించిన దారి లేదు. కానీ అందరినీ హైదరాబాద్‌కే రప్పించాలన్న నియమం ఖర్చు వల్ల వచ్చింది కాదు, విశ్వవిద్యాలయం అక్కడుండటం వల్ల వచ్చింది. మెదక్ నుంచి సిద్దిపేట, సంగారెడ్డి, నర్సాపూర్, గజ్వేల్, జోగిపేట హైదరాబాద్ అంత దూరం కావు. 2016లో జిల్లా మూడు ముక్కలైనా ఈ ఊళ్ల కాలేజీలన్నీ ఉస్మానియా కిందే ఉన్నాయి. ఆరు జట్లు ఇంటా బయటా ఆడుకుంటే ఒక్కో జట్టుకు పది మ్యాచ్‌లు. అందులో సగం సొంతూళ్లోనే, చూసేందుకు ఊరివాళ్లు ఉంటారు. అక్కడ గెలిచిన జట్టే హైదరాబాద్ నాకౌట్‌కు వెళ్తుంది. ఒక్క మ్యాచ్ కోసం వంద కిలోమీటర్లు వెళ్లే జట్లు తగ్గుతాయి.

వైరం పెంచితే కొట్లాటలు వస్తాయని ఇంకొందరి భయం. కొట్లాటలు నాకౌట్‌లోనూ ఉంటాయి. ఒక్క తప్పుడు నిర్ణయంతో ఏడాదంతా పోతుందన్న ఉక్రోషం అంపైర్ మీదికి తిరుగుతుంది. ఆ జట్టుతోనే వచ్చే నెల మళ్లీ ఆడాలని తెలిసినప్పుడు మాట జారే ముందు ఆలోచిస్తారు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి రెండు శతాబ్దాల వైరం వాటిని శత్రువుల్ని చేయలేదు, ఒకదాని పేరు లేకుండా మరొకదాని ఆట చెప్పుకోలేని స్థితికి తెచ్చింది. విశ్వవిద్యాలయ క్రీడల చరిత్ర అంటే కప్పుల జాబితా, దేశానికి ఆడినవాళ్ల పేర్లు అని మనం అనుకుంటూ వచ్చాం. ఆ లెక్కన మెదక్ లాంటి ఊళ్లకు అందులో చోటు ఉండదు. ఎవరితో, ఎన్నిసార్లు, ఎక్కడ ఆడారన్నది కూడా చరిత్రే అనుకుంటే అసలు లోటు కనిపిస్తుంది. ఆ లోటును నింపడానికి కొత్త స్టేడియం కన్నా ముందు కావలసింది ఏటా మారని ఒక క్యాలెండర్. అఫిలియేషన్ ఉత్తర్వు ఊళ్లను ఒక గూటికి చేర్చగలదు, విడదీయగలదు. ప్రత్యర్థిని తయారు చేయడం మాత్రం దానివల్ల కాదు.