టెలిప్రెజెన్స్ రోబో: సాఫ్ట్‌వేర్ అవసరాలు

చక్రాల మీద తెర, కెమెరా, మైకు మోస్తూ, దూరాన ఉన్న మనిషి నడిపినట్టు తిరిగే యంత్రం టెలిప్రెజెన్స్ రోబో. కాలిఫోర్నియాలోని విల్లో గరాజ్ అనే రోబోటిక్స్ సంస్థలో పుట్టిన టెక్సాయ్, దాని వారసుడిగా 2012లో వచ్చిన బీమ్ పేరున్న ఉదాహరణలు.

మాటకూ బొమ్మకూ వెబ్‌ఆర్‌టీసీ వంటి ప్రమాణం సరిపోతుంది. అందులో గుప్తీకరణ తప్పనిసరి. అసలు చిక్కు ఆలస్యంతోనే. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ (ఐటీయూ) జి.114 సిఫార్సు ప్రకారం ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే సంభాషణ సాఫీగా సాగుతుంది. మాట ఆలస్యమైతే విసుగే. ‘ఆగు’ అన్న ఆదేశం ఆలస్యమైతే రోబో గోడను గుద్దుతుంది. అందుకే నడక ఆదేశాలకు వీడియో కంటే ప్రాధాన్యం ఇవ్వాలి, కాలం చెల్లిన ఆదేశాన్ని పారేయాలి. వైఫై తెగితే రోబో తనంతట తానే ఆగాలి. అడ్డంకులను పసిగట్టే పని దూరపు సర్వర్‌కు వదలకూడదు, యంత్రంలోనే జరగాలి.