డాస్‌బాక్స్

డాస్‌బాక్స్ అనేది ఎమ్మెస్-డాస్ కాలం నాటి కంప్యూటరు ఆటలను కొత్త నిర్వహణ వ్యవస్థలపై నడిపించుటకు ఉపయోగపడే ఉచిత సాఫ్టువేరు. ఇది ఒక ఎమ్యులేటరు, అనగా పాత కంప్యూటరును ఆద్యంతం అనుకరించే ప్రోగ్రాము. నెదర్లాండ్స్ దేశస్థులైన పీటర్ వీన్‌స్ట్రా, షూర్డ్ వాన్ డెర్ బెర్గ్‌లు దీనిని రూపొందించారు. తొలి కూర్పు 2002లో విడుదలైనది. గ్నూ జీపీఎల్ లైసెన్సు క్రింద దీని సోర్సు కోడు అందరికీ అందుబాటులో ఉన్నది. విండోస్, లినక్స్, మ్యాక్ వ్యవస్థలన్నింటిపైనా పనిచేస్తుంది.

నేపథ్యం

డాస్ ఒకసారికి ఒకే ప్రోగ్రామును నడిపేది. నడుస్తున్నంతసేపూ యంత్రం మొత్తం ఆ ప్రోగ్రాము అధీనంలోనే ఉండేది. అందువలన ఆటల రచయితలు నిర్వహణ వ్యవస్థను అడగకుండా నేరుగా వీడియో మెమొరీలో బొమ్మలు వ్రాసేవారు, సౌండు కార్డుకు ఆదేశాలు పంపేవారు. విండోస్ 95, 98లకు పునాది డాసే కనుక ఈ ఆటలు వాటిలో చాలావరకు నడిచేవి. విండోస్ ఎన్‌టీ వంశానికి చెందిన విండోస్ 2000, ఎక్స్‌పీలు మాత్రం హార్డువేరును నేరుగా తాకుటకు ఏ ప్రోగ్రామునూ అనుమతించవు. డాస్ ప్రోగ్రాముల కొరకు వీటిలో ఎన్‌టీవీడీఎం అనే ఏర్పాటు ఉండేది. అక్షరాలతో పనిచేసే ప్రోగ్రాములకు అది సరిపోయేది గానీ, ఆటలు తరచు మూగవోయేవి లేదా అసలు మొదలయ్యేవి కావు.

64-బిట్ విండోస్‌లో ఆ ఏర్పాటు కూడా లేదు. 64-బిట్ విధానంలో నడుస్తున్న ప్రాసెసరులో, డాస్ ప్రోగ్రాములకు ఆధారమైన వర్చువల్ 8086 విధానం లభించదు. 2021లో వచ్చిన విండోస్ 11కు 32-బిట్ కూర్పే లేదు.

పనిచేసే విధానం

డాస్‌బాక్స్ ఆటలో ఏ మార్పూ చేయదు. ఆ ఆట ఏ యంత్రం కొరకు వ్రాయబడినదో ఆ యంత్రాన్నే సాఫ్టువేరు రూపంలో తిరిగి నిర్మిస్తుంది. ప్రాసెసరు, వీజీఏ తెర, సౌండ్ బ్లాస్టర్ కార్డు, జాయ్‌స్టిక్కు, చివరకు డాస్ కూడా ఇందులో అనుకరణలే. కాబట్టి వాడుకరి వద్ద డాస్ ఉండనవసరం లేదు. డాస్‌లో ప్రోగ్రాములకు నేరుగా దొరికే 640 కిలోబైట్ల మెమొరీ, ఆపై ఎక్స్‌ఎమ్మెస్, ఈఎమ్మెస్ మెమొరీలు కూడా సిద్ధంగా లభిస్తాయి. ఒకప్పుడు ఒక్కొక్క ఆట కొరకు కాన్ఫిగ్.సిస్ ఫైలును తిరగరాసినవారికి దీని విలువ తెలుస్తుంది.

వేగం

పాత ఆటలకు కొత్త యంత్రంతో వచ్చే చిక్కు తరచుగా శక్తి చాలకపోవడం కాదు, ఎక్కువవడం. 4.77 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు కాలంలో కొన్ని ఆటలు గడియారాన్ని చూడకుండా, ఖాళీగా కొన్ని వేలసార్లు లెక్కపెట్టి కాలయాపన చేసేవి. వేగవంతమైన ప్రాసెసరుపై ఆ లెక్క రెప్పపాటులో ముగిసి, ఆట అందుకోలేనంత వేగంగా సాగిపోతుంది. అప్పటి కంప్యూటర్ల ముందు భాగాన ఉండే టర్బో మీట ఇందుకే, దాని పని అవసరమైనప్పుడు వేగాన్ని తగ్గించడం.

టర్బో పాస్కల్‌తో తయారైన ప్రోగ్రాములలో కనిపించే "రన్‌టైమ్ ఎర్రర్ 200" మరొక ఉదాహరణ. వీటిలో చాలావాటికి ఆధారమైన సీఆర్‌టీ యూనిట్ మొదలవగానే 55 మిల్లీసెకన్లలో ప్రాసెసరు ఎన్నిసార్లు లెక్కపెట్టగలదో చూసి, ఆ సంఖ్యను 55తో భాగిస్తుంది. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటిన ప్రాసెసర్లపై ఆ భాగఫలం 16 బిట్లలో ఇమడక ప్రోగ్రాము ఆగిపోతుంది. చూపేది మాత్రం సున్నాతో భాగహారం జరిగిందన్న సందేశం!

డాస్‌బాక్స్‌లో ఈ వేగాన్ని 'సైకిల్స్' అనే సంఖ్యతో నియంత్రిస్తారు. మిల్లీసెకనుకు ఎన్ని ఆదేశాలు నడపాలో అది తెలుపుతుంది. 0.74 కూర్పులో సాధారణ ఆటలకు ఇది 3000గా మొదలవుతుంది. కంట్రోల్ మీటతో పాటు ఎఫ్11 నొక్కితే తగ్గును, ఎఫ్12 నొక్కితే పెరుగును.

వాడుక

ముందుగా ఆట ఉన్న ఫోల్డరును 'మౌంట్' ఆదేశంతో సి డ్రైవుగా చూపాలి. తరువాత ఆ డ్రైవులోకి వెళ్ళి ఆట ఫైలు పేరును టైపు చేయాలి. ఆటలోని సౌండు అమరికలలో సౌండ్ బ్లాస్టర్, పోర్టు 220, ఐఆర్‌క్యూ 7, డీఎమ్ఏ 1 ఎంచుకుంటే సాధారణంగా శబ్దం వస్తుంది. ఆల్ట్, ఎంటర్ మీటలు కలిపి నొక్కితే ఆట తెరంతా పరచుకుంటుంది. సీడీ నకలు ఫైలును 'ఇమ్‌జ్‌మౌంట్' ఆదేశంతో జతచేయవచ్చు.

ఆటలు కాక

డాస్‌బాక్స్ ముఖ్యోద్దేశం ఆటలే. అయినా భారతదేశంలో ఎందరో ఇంజనీరింగు విద్యార్థులకు ఇది పరిచయమైనది టర్బో సీ++ వలన. ఆ పాత కంపైలరు 64-బిట్ విండోస్ 7పై నడవకపోవడంతో దానిని డాస్‌బాక్స్‌తో కలిపి వాడారు. అయితే 0.74 కూర్పులో ప్రింటరు అనుకరణ లేనందున, పాత గణాంక ప్రోగ్రాములను నడుపదలచినవారికి అది అంతగా ఉపకరించదు. అలాగే తెలుగు సహా భారతీయ లిపులను డాస్ తెరపై చూపుటకు సీ-డాక్ సంస్థ తెచ్చిన జిస్ట్ కార్డుకు డాస్‌బాక్స్‌లో అనుకరణ లేదు. ఆ కార్డుపై ఆధారపడిన ప్రోగ్రాములు ఇందులో లిపిని చూపలేవు.

ఆటల పరిరక్షణ

ఆటల హక్కుదారులు కూడా డాస్‌బాక్స్‌ను వాడుకున్నారు. 2008లో మొదలైన జీఓజీ అమ్మకాల వేదిక అనేక పాత ఆటలను దీనితో కలిపి విక్రయించింది. ఇంటర్నెట్ ఆర్కైవ్ 2015 జనవరిలో సుమారు 2,400 డాస్ ఆటలను బ్రౌజరులోనే ఆడుకునేలా ఉంచింది. వాటిని నడిపినది డాస్‌బాక్స్‌ను జావాస్క్రిప్టులోకి మార్చిన ఈఎమ్-డాస్‌బాక్స్.

ఫైళ్ళు దక్కినా ఆట మొత్తం దక్కినట్లు కాదు. నకళ్ళను అరికట్టుటకు ప్రిన్స్ ఆఫ్ పర్షియా డాస్ కూర్పు, ముద్రిత పుస్తకంలోని ఫలానా పుటలో ఫలానా పదం మొదటి అక్షరాన్ని అడుగుతుంది. సరైన అక్షరమున్న సీసాలోని మందు త్రాగితేనే ముందుకు సాగనిస్తుంది. పుస్తకం పోయినచో డాస్‌బాక్స్ చేయగలిగినదేమీ లేదు.

0.74 కూర్పు 2010లోను, దాని సవరణ 0.74-3 2019లోను వెలువడ్డాయి. ఇదే కోడు నుండి డాస్‌బాక్స్-ఎక్స్, డాస్‌బాక్స్ స్టేజింగ్ అనే శాఖలు పుట్టాయి. వీటిలో మొదటిది ప్రింటరు అనుకరణను కూడా చేర్చినది.