ఏలూరు కాలువ: దారుల లెక్క

కృష్ణా గోదావరి కాలువలు కలియునది ఏలూరులో. ఒకటి విజయవాడనుండి వచ్చును. రెండవది నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా వచ్చును. రెండును కలియుటచే విజయవాడ, రాజమహేంద్రవరముల నడుమ 139 కిలోమీటర్ల పడవదారి యేర్పడెను.

ధవళేశ్వరము ఆనకట్ట (1847–52) కట్టించిన ఆర్థర్ కాటన్, కాలువ పొలమునకు నీరును, పడవకు బాటయు కావలెనని తలచెను. ఆలోచన గొప్పదే. కాని పడవకు కావలసినది నిలుకడైన లోతు. చేనుకు కావలసినది పారుదల. మట్టము మారుచోట్ల లాకులు కట్టి ఈ తగవును కొంత తీర్చిరి. లాకు తలుపులు మూసి, నీరు నింపియో వదలియో పడవను రెండవ మట్టమునకు చేర్చుదురు. ఇందుకు కొంతసేపు పట్టును. కనుక కాలువ ఎంత వెడల్పైనను, దినమునకు ఎన్ని పడవలు పోగలవో తేల్చునది అన్నిటికంటె ఆలస్యమగు లాకే. దారులు అనేకమై చీలి కలియునపుడును ఇట్టి హద్దు కలదని 1956లో ఫోర్డు, ఫల్కర్సను అను అమెరికా గణితజ్ఞులు నిరూపించిరి. వలను రెండుగా తెంచుటకు ఏయే దారులు మూయవలెనో చూచి, వాని సామర్థ్యములను కూడవలెను. అట్టి మొత్తములలో కనిష్ఠమైనదే గరిష్ఠ ప్రవాహము. రైళ్ల, బస్సుల ప్రణాళికలలోను ఈ లెక్క పనికివచ్చును.

ఏలూరు కాలువకు అసలు ఇరుకు పంచాంగములో నుండెను! వేసవిలో మరమ్మతులకై కాలువ కట్టివేయుదురు. ఆ దినములలో సామర్థ్యము సున్న. 1893–96 నడుమ విజయవాడ–కటకము రైలుమార్గము తెరవబడెను. 1900లో గోదావరిపై వంతెన పూర్తయ్యెను. ఏడాది పొడవున నడచు దారి ప్రక్కనే దొరకగా ప్రయాణికులు అటు మరలిరి.

కొల్లేటి లంకలకును ఒక్క పటము చాలదు. వానలకు సరస్సు విస్తరించినపుడు దారులు మారును. 2008లో ఏలూరు కాలువను 4వ జాతీయ జలమార్గములో చేర్చిరి. పొలములకు నీరిచ్చు పని దానికి నేటికిని ఉన్నది.