కంప్యూటర్ చదరంగ పోటీల నిర్వాహక ప్రోగ్రాములు - సాంకేతిక లోపాలు

రెండు చదరంగ ఇంజన్లను మనిషి ప్రమేయం లేకుండా ఒకదానితో మరొకటి ఆడించే సాఫ్టువేరును పోటీ నిర్వాహక ప్రోగ్రాము అనవచ్చును. ఎక్స్‌బోర్డు, విన్‌బోర్డు, అరేనా, క్యూట్‌చెస్ మొదలగునవి ఈ పని చేయగలవు. ఎత్తును ఆలోచించుట ఇంజను పని. దానిని ఎదుటి ఇంజనుకు అందించుట, గడియారం నడుపుట, ఫలితం ప్రకటించుట నిర్వాహక ప్రోగ్రాము పని. అనగా ఆటలో న్యాయనిర్ణేత ఇదే. ఇది పొరబడినచో ఆ పొరబాటు ఇంజను బలహీనతగా లెక్కకెక్కును.

నేపథ్యం

స్వీడన్ చదరంగ కంప్యూటర్ సంఘం 1984 నుండి యంత్రాల రేటింగు జాబితాలను ప్రకటించినది. తొలినాళ్లలో పరీక్షకులు ప్రతి ఎత్తునూ ఒక యంత్రం నుండి మరొకదానికి చేతితోనే ఎక్కించేవారు. 1990లలో ఆస్ట్రియాకు చెందిన క్రిల్లీ డోనింగర్ రూపొందించిన ఆటో232 వలన రెండు కంప్యూటర్లను సీరియల్ తీగతో కలిపి ఆడించుట సాధ్యమైనది. తరువాత రెండు ఇంజన్లూ ఒకే కంప్యూటరులో ఆడసాగినవి. 2000 నవంబరులో రుడాల్ఫ్ హ్యూబర్, స్టెఫాన్ మేయర్-కాలెన్ యు.సి.ఐ. అను సంభాషణ నియమావళిని ప్రకటించిరి.

గడియారం

అన్నిటికంటె ఎక్కువ చిక్కు ఇక్కడనే ఉన్నది. ఇంజను ఎత్తును పంపిన క్షణం వేరు, నిర్వాహక ప్రోగ్రాము దానిని చదివిన క్షణం వేరు. ఈ నడుమ జాప్యం కూడ ఇంజను ఖాతాలోనే పడును. గంటల తరబడి సాగు ఆటలో ఇది లెక్కలోనిది కాదు. కాని 2013లో మొదలైన ఫిష్‌టెస్ట్‌లో తొలి దశ పరీక్షకు ఆట మొత్తానికి 10 సెకన్లు, ఎత్తుకు అదనంగా 0.1 సెకను మాత్రమే ఇచ్చెదరు. ఒకే కంప్యూటరులో పదుల ఆటలు ఒకేసారి నడిపినపుడు ప్రాసెసరు తీరిక లేక సందేశం ఆలస్యమగును. గెలువవలసిన ఇంజను కాలాతీతమై ఓడును. స్టాక్‌ఫిష్‌లో ఈ జాప్యానికి ముందుగానే కొంత సమయం మినహాయించుకొను అమరిక కలదు.

సమబలం గల రెండు ఇంజన్ల నడుమ నూరు ఆటలలో ఒక ఆట ఒక ఇంజను ఇట్లు అన్యాయంగా పోగొట్టుకొన్నదనుకొనుడు. దాని వాటా 50 నుండి 49.5 శాతానికి తగ్గును. ఇది సుమారు 3.5 ఎలో పాయింట్లతో సమానం. స్టాక్‌ఫిష్‌లో చేయు ఒక మార్పు వలన వచ్చు లాభం తరచుగా ఒకటి రెండు ఎలోలే! ఇట్టి స్థితిలో మంచి మార్పు తిరస్కరింపబడవచ్చును. గణితం అభ్యసించు విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేసి చూడదగును.

సందేశాలు

ఇంజను వ్రాసిన ఎత్తు బఫరులోనే నిలిచిపోయినచో నిర్వాహక ప్రోగ్రాము ఎదురుచూచుచుండును, గడియారం నడచుచుండును. ఇది కొత్తగా ఇంజను వ్రాయువారికి తరచు ఎదురగు అనుభవం. మరొక లోపం దీనికంటె సూక్ష్మమైనది. యు.సి.ఐ.లో ప్రతిసారి ఆట స్థితిని ఇంజనుకు తిరిగి తెలుపవలెను. నిర్వాహక ప్రోగ్రాము ప్రస్తుత స్థితిని మాత్రమే పంపి, జరిగిన ఎత్తుల వరుసను విడిచినచో, అదే స్థితి మునుపు వచ్చిన సంగతి ఇంజనుకు తెలియదు. గెలిచే ఆటను అది మూడుసార్ల పునరావృతితో డ్రా చేసుకొనును.

ఫలిత నిర్ణయం

యు.సి.ఐ. ఇంజనుకు ఓటమి ఒప్పుకొనుటకు గాని, డ్రా కోరుటకు గాని ఆదేశం లేదు. అందుచేత రెండు ఇంజన్ల అంచనాలు ఒక హద్దు దాటినచో నిర్వాహక ప్రోగ్రామే ఆటను ముగించును. కాలం ఆదా అగును గాని, బలం తక్కువైనను ఛేదింపరాని రక్షణ గల స్థితులలో ఈ తీర్పు తప్పగును. నలిమోవ్ ముగింపు పట్టికలు 50 ఎత్తుల నియమాన్ని పరిగణింపవు. వాటిని నమ్మి తీర్పు చెప్పినచో డ్రా కావలసినది గెలుపుగా నమోదగును. రొనాల్డ్ డి మాన్ 2013లో వెలువరించిన సిజిజీ పట్టికలు ఈ నియమాన్ని లెక్కించును.