చెరిపేశాం అనుకున్నవి

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, మా ఆఫీసులో ఓ నలభై పాత కంప్యూటర్లు తీసేసి కొత్తవి పెట్టారు. పాతవాటిని పాత సామాన్లవాడికి ఇచ్చేముందు "డేటా అంతా తీసెయ్" అని నాకు అప్పజెప్పారు. వరసగా క్విక్ ఫార్మాట్ కొట్టుకుంటూ పోయాను. ఒక్కోదానికి నిమిషం కూడా పట్టలేదు. సాయంత్రానికి ట్రాలీ ఆటో వచ్చి అన్నీ పట్టుకుపోయింది. తొందరగా ముగించానని మెచ్చుకున్నారు కూడా. ఏళ్ళ తరబడి రాసినదంతా నిమిషంలో ఎలా చెరిగిపోయిందన్న అనుమానం, ఇంజనీరింగ్ చదివిన నాకు రాలేదు.

నిజానికి ఏదీ చెరగలేదు. డాస్ రోజుల్లో ఫైలు డిలీట్ చేస్తే, ఫైళ్ళ జాబితాలో దాని పేరు మొదటి అక్షరం స్థానంలో ఒక గుర్తు పడేది, అది ఉన్న చోటు ఖాళీ అని రాసుకునేది. లోపలి విషయం అక్కడే ఉండేది. ఆ కాలపు డిస్కులు నెమ్మది. చెరపాలంటే దాని మీద మళ్ళీ ఏదో ఒకటి రాయాలి, రాయడానికి టైం పడుతుంది. అందుకని వేగం కోసం చేసుకున్న ఏర్పాటు అది. 1991లో వచ్చిన ఎమ్మెస్ డాస్ 5లో పోయిన ఫైలుని వెనక్కి తెచ్చే 'అన్‌డిలీట్' ఉంది. డిలీట్ అంటే చెరపడం కాదని మైక్రోసాఫ్ట్ అప్పుడే చెప్పినట్టు. మనమే వినలేదు.

మన ఊహలో కంప్యూటర్ పలక లాంటిది. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. కానీ అది తాటాకు. గంటంతో గీసి, గీతల్లో మసి పూస్తే అక్షరాలు కనిపిస్తాయి. మసి తుడిచేస్తే కనపడవు, అంతే. గీత అలాగే ఉంటుంది. మళ్ళీ మసి పూసేవాడు దొరకాలి.

అలాంటివాళ్ళు దొరికారు. ఎమ్మైటీ విద్యార్థులు సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 2000 నుంచి 2002 దాకా అమెరికాలో 158 సెకండ్ హ్యాండ్ డిస్కులు కొన్నారు. 129 పనిచేశాయి. సరిగ్గా చెరిపినవి వాటిలో 12. మిగతావాటిలో ఐదువేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, జనాల ఉత్తరాలు, వైద్య వివరాలు. ఒక డిస్కు ఏకంగా ఏటీఎం లోనిది, ఏడాది లావాదేవీలతో సహా. 2003లో ఆ వ్యాసం అచ్చయింది.

అప్పటికి విషయం తెలియక కాదు. 1996లో పీటర్ గుట్‌మన్ అనే పరిశోధకుడు అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ సరిపోయేలా 35 సార్లు తిరగరాసే పద్ధతి చెప్పాడు. అది చాలామందికి మంత్రంలా అయిపోయింది. కొత్త డిస్కులకి అది అక్కర్లేదని తర్వాత ఆయనే చెప్పాడు. 2006లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, 2001 తర్వాతి మామూలు హార్డ్ డిస్కుకి ఒక్కసారి పూర్తిగా తిరగరాస్తే చాలు. అంటే పని కష్టమైనదేం కాదు. కొన్ని గంటలు, దగ్గరుండి చూసే ఒక మనిషి.

ఆ మనిషినే ఎవరూ పెట్టరు. 2016లో మోర్గాన్ స్టాన్లీ రెండు డేటా సెంటర్లు మూసేసింది. ఆ పని అనుభవం లేని ఒక సామాన్ల తరలింపు కంపెనీ చేతిలో పెట్టింది. కొన్ని డిస్కులు ఇంటర్నెట్ వేలంలో అమ్ముడుపోయాయి. 2017లో ఓక్లహోమాలో వాటిని కొన్న ఒకాయన, మీ డేటా నా దగ్గరుందని మెయిల్ రాశాడు. మరోచోట 42 సర్వర్ల లెక్క తేలలేదు. ఆ పరికరాల్లో ఎన్‌క్రిప్షన్ సదుపాయం ఉంది, ఏళ్ళపాటు ఎవరూ ఆన్ చెయ్యలేదు. 2020లో ఆరు కోట్ల డాలర్లు, 2022లో మూడున్నర కోట్ల డాలర్లు జరిమానా పడింది. దాదాపు కోటీ యాభై లక్షల మంది ఖాతాదారుల సంగతి అది.

అంత పెద్ద బ్యాంకు చేసిన తప్పుకీ నేను చేసినదానికీ పెద్ద తేడా లేదు. కొత్త మిషన్లు కొనడానికి మీటింగులు, బడ్జెట్లు ఉంటాయి. పాతవి పారెయ్యడం చివరి రోజు పని, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళది. నష్టపోయేవాళ్ళు ఆ గదిలో ఉండరు.

ఇప్పుడు ఎస్సెస్డీల రోజుల్లో ఒక్కసారి తిరగరాయడం కూడా చాలదు. పక్కన పెట్టిన మెమరీ గదుల్లో పాతది మిగిలిపోవచ్చు. దానికి తయారీదారు ఇచ్చిన ఎరేజ్ కమాండ్ వాడాలి, లేదా మొదటి రోజు నుంచే ఎన్‌క్రిప్ట్ చేసి చివర్లో తాళంచెవి నాశనం చెయ్యాలి, లేదా ముక్కలు చెయ్యాలి. ఏ సీరియల్ నంబరు డిస్కుని ఎవరు, ఎప్పుడు, ఎలా చెరిపారో రాసి పెట్టుకోవాలి. మన 2023 డేటా రక్షణ చట్టంలో, భద్రత పాటించకపోతే 250 కోట్ల దాకా జరిమానా ఉంది. జరిమానా భయంతోనైనా సరే, ఆ చివరి రోజు పనికి ఒక యజమాని పుడితే మంచిదే.

ఆ నలభైలో ఒకటి హెచ్చార్ వాళ్ళది. చేరిన రోజు నేనిచ్చిన పాన్ కార్డు, మార్కుల మెమోలు, నాన్న సంతకంతో ఉన్న ఫారం స్కాన్ చేసింది అందులోనే. దాన్ని కూడా నేనే ఫార్మాట్ చేసి, నేనే మోసుకెళ్ళి ట్రాలీలో పెట్టాను.