సముద్రంలోనే ఖబర్ అయిన లస్కర్లు

మన పెద్దలు సికింద్రాబాద్‌ను లష్కర్ అనేవాళ్ళు. అంగ్రేజ్ ఫౌజ్ మకాం వేసిన చోటు కాబట్టి ఆ పేరు. కోస్తాలో కాలువ తూములెత్తి పొలాలకు నీళ్ళొదిలే మనిషిని ఇప్పటికీ లస్కరు అంటారు. రెండూ ‘లష్కర్’ అనే ఫార్సీ మాట నుంచి వచ్చినవే. అదే మాటతో అంగ్రేజులు ఓడల్లో పనిచేసే మన హిందుస్తానీ మజ్దూర్లను కూడా పిలిచారు. ఆ లస్కర్ల దాస్తాన్ మన తారీఖ్ పుస్తకాల్లో దాదాపు కనిపించదు.

వాళ్ళకి వర్దీ లేదు, చేతిలో బందూక్ లేదు. యుద్ధకాలంలో బ్రిటన్‌కు తిండిగింజలు, చమురు, మందుగుండు మోసిన వర్తక ఓడలను నడిపింది వాళ్ళే. రెండో ప్రపంచయుద్ధం మొదలయ్యేనాటికి ఆ ఓడల సిబ్బందిలో దాదాపు నాలుగోవంతు లస్కర్లే. సిల్హెట్ ప్రాంతపు ముసల్మానులు ఎక్కువగా కింద ఇంజిన్ గదిలో, బొగ్గు వేడిలో పనిచేసేవాళ్ళు. టార్పెడో అక్కడ తగిలితే పైకొచ్చే మోహలత్ దొరికేది కాదు.

ఇంత ఖతరాకు మజ్దూరీ ఎంత? తెల్ల నావికుడి జీతంలో మూడోవంతు కన్నా తక్కువ. అందుకే 1939లో జంగ్ మొదలవగానే జీతం పెంచితేనే ఓడ కదుల్తుందని లస్కర్లు హర్తాళ్ చేశారు. వందలమందిని జైల్లో పెట్టారు. అయినా వెనక్కి తగ్గలేదు. చివరికి కంపెనీలు జీతాలు పెంచక తప్పలేదు. నా దృష్టిలో ఇది రొట్టె కోసం, ఇజ్జత్ కోసం చేసిన పోరాటం.

1940 సెప్టెంబర్ 17 రాత్రి ‘సిటీ ఆఫ్ బెనారస్’ అట్లాంటిక్‌లో మునిగింది. బాంబుల నుంచి కాపాడ్డానికి కెనడా పంపుతున్న 90 మంది పిల్లలు అందులో ఉన్నారు. వాళ్ళలో 77 మంది చనిపోయారు. ఆ విషాదం గురించి ఎన్నో పుస్తకాలొచ్చాయి. అదే ఓడలో నూటయాభైకి పైగా లస్కర్లున్నారు. వాళ్ళలోనూ చాలామంది నీళ్ళలో, చలికి పోయారు. 12వ నంబరు పడవ 46 మందితో ఎనిమిది రోజులు సముద్రంలో తేలింది. అందులో ఆరుగురు పిల్లలు. మిగిలినవాళ్ళలో ఎక్కువమంది లస్కర్లు. ఆ పిల్లల పేర్లు దొరికినంత సులువుగా ఈ లస్కర్ల పేర్లు దొరకవు.

ఆ జంగ్‌లో చనిపోయిన హిందుస్తానీ వర్తక నావికులు సుమారు 6,600 మంది. మొదటి జంగ్‌లో పోయిన 896 మంది లస్కర్ల యాద్‌గార్ కోల్‌కతాలో హుగ్లీ ఒడ్డున ఉంది. రెండో జంగ్ వాళ్ళ పేర్ల జాబితా ముంబయిలో ఒకటి, చిట్టగాంగ్‌లో ఒకటి పెట్టారు. జాబితా మాత్రం ఒకటే. ముల్క్ ముక్కలైనా వాళ్ళను విడదీయలేదు.

మన బచ్చాలకు టిప్పు సుల్తాన్ గురించి చెబుతాం, చెప్పాలి కూడా. తఖ్త్ లేని, తల్వార్ లేని ఈ గరీబు మజ్దూర్ల గురించి కూడా చెప్పండి. ఖబర్ మీద రాయి కూడా నసీబు కాని వాళ్ళకు మన దువాలో చోటివ్వడం మన ఫర్జ్ అనుకుంటాను.